తోడు పెళ్లికొడుకు మెడలో దండ

కుర్చీ కొనాల్సి వస్తే స్వామి ముందు దాన్ని తలకిందులు చేస్తాడు. కూర్చునే వైపు అందరూ చూస్తారు. అమ్మేవాడు కూడా ఆ వైపే తుడిచి పెడతాడు. కింద చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. చెక్క ఎంత మందం, మరలు సరిగ్గా దిగాయా, చక్రాల దగ్గర ఇనుమా, ఇనుము రంగేసిన ప్లాస్టిక్కా. అదయ్యాక కుర్చీని నిలబెట్టి, కూర్చుని, వెనక్కి వాలి, కళ్లు మూసుకుని వింటాడు. కిర్రుమందా, లేచి వెళ్లిపోతాడు. బేరం మాట ఆ తర్వాత.

ఈ విద్య అతనికి ఏ కాలేజీలోనూ అబ్బలేదు. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చిన కొత్తలో బోరబండలో కుర్చీలు బాగుచేసే రాజయ్య దగ్గర పనికి కుదిరాడు. ఎన్ని నెలలైనా మర తిన్నగా దిగేది కాదు. చివరికి రాజయ్యే తేల్చేశాడు.

"నీకు చెయ్యి లేదుర స్వామీ. చెవి ఉన్నది. చెవితోని బతికే పని చూస్కో పో."

అలా చెవితో బతికే పని మాదాపూర్‌లో దొరికింది. అద్దాల మేడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. కుర్చీల నుంచి చీపుర్ల దాకా అక్కడ ఏది కావాలన్నా కొనుక్కొచ్చేవాడు స్వామి. పర్చేజ్ డిపార్ట్‌మెంట్ అని తలుపు మీద బోర్డు ఉండేది. ఆ డిపార్ట్‌మెంట్ అంటే స్వామి, అతని పాత స్కూటీ, ఒక గోనెసంచి. మేడంతా అతన్ని పర్చేజ్ స్వామి అనేది.

అతని మెడలో ట్యాగు మాత్రం పసుపుది. ఆ మేడలో మనుషులు రెండు రంగులు. నీలం ట్యాగు కంపెనీ మనిషికి, పసుపు ట్యాగు ఏజెన్సీ పంపిన మనిషికి. నీలం వాళ్లు ముందు లిఫ్టులో పోతారు. పసుపు వాళ్లు వెనక సామాన్ల లిఫ్టులో, నీళ్ల డబ్బాలతో కలిసి పోతారు. వీటిని స్వామి ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకున్నదల్లా ఒక్కటే. నీలం ట్యాగు ఉంటే ఇంట్లో అందరికీ దవాఖాన కార్డు ఇస్తారు. అతని భార్య రజిత నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో పొయ్యిల ముందు నిలబడీ నిలబడీ మోకాళ్లు పాడుచేసుకుంది. ఆపరేషన్ చేయాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఏ రంగు ట్యాగుతో చేయిస్తారో మాత్రం చెప్పలేదు.

అలాంటి రోజుల్లో సాయిచంద్ వచ్చాడు.

పెద్ద పెద్ద కంపెనీల్లో కొనుగోళ్లు నడిపి వచ్చాడట. వచ్చిన మర్నాడే తలుపు మీద పర్చేజ్ బోర్డు తీయించి ప్రొక్యూర్‌మెంట్ అని పెట్టించాడు. ఆ బోర్డు కొనుక్కొచ్చింది కూడా స్వామే. సాయంత్రం స్వామిని గదిలోకి పిలిచి గోడమీద తెర వెలిగించాడు. తెర మీద ఒక పెద్ద వృత్తం, దాని లోపల ఒక మూలకు ఒక చిన్న వృత్తం.

"స్వామిగారూ, పర్చేజ్ అంటే ఏమిటి?"

"కొనుడు సార్."

"మరి ప్రొక్యూర్‌మెంట్ అంటే?"

స్వామి తెర వంక చూశాడు. "పెద్దగ కొనుడా సార్?"

సాయిచంద్ ఓపికున్న మనిషి. "కాదు. డబ్బిచ్చి వస్తువు తెచ్చుకోవడం పర్చేజ్. అది ఒక మెట్టు మాత్రమే. అసలు ఏం కావాలి, ఎవరెవరి దగ్గర దొరుకుతుంది, వాళ్లలో ఎవరిని నమ్మొచ్చు, తెచ్చాక ఎలా పనిచేస్తోంది, చెడిపోతే ఎవరు చూస్తారు, ఇదంతా కలిస్తే ప్రొక్యూర్‌మెంట్. మీరు ఇన్నాళ్లూ ఈ చిన్న వృత్తంలో ఉన్నారు. ఇక పెద్ద వృత్తంలోకి రావాలి."

చిన్న వృత్తం తనూ పెద్ద వృత్తం సాయిచంద్ సారూ అయి ఉంటుందని స్వామి అర్థం చేసుకున్నాడు. ఇలాంటి సార్లు ఇదివరకూ వచ్చారు. ఒకాయన స్టోర్ రూమును ఇన్వెంటరీ హబ్ చేసి వెళ్లాడు. గదిలో ఎలుకలు అవే ఉన్నాయి. పేరు మారినా పని మారదు అనుకుని బుద్ధిగా తలూపాడు.

కానీ ఆఖర్న సాయిచంద్ అన్న మాటకు అతని చెవి నిక్కబొడుచుకుంది.

"నా టీమ్‌లో పసుపు ట్యాగు ఉండకూడదు. ట్రెయినింగ్ హాలు కుర్చీలన్నీ బాగుచేయించాలి కదా, అది మన మొదటి ప్రొక్యూర్‌మెంట్. క్లయింట్లు వచ్చేలోగా పద్ధతిగా పూర్తిచేయండి. మీ నీలం ట్యాగుకు నేను సంతకం పెడతాను."

ఆ హాలు కుర్చీల సంగతి మేడంతటికీ తెలుసు. ఎత్తు లేపే గ్యాస్ కడ్డీలు దిగిపోయి, కూర్చున్న మనిషి పాఠం సగంలో మెల్లగా బల్ల కిందికి వెళ్లిపోయేవాడు. మెత్తలు అణిగి అట్టల్లా అయ్యాయి. స్వామికి ఇది పెద్ద పని కాదు. రాజయ్య ఉన్నాడు. పద్ధతి అంటే మూడు కొటేషన్లు. అది అంతకంటే చిన్న పని.

ఆ ఆఫీసుల చుట్టూ సామాన్లు అమ్మి బతికే వాళ్లందరికీ ఈ ఆచారం తెలుసు. పని ఎవరికి ఇవ్వాలో ముందే అనుకుంటారు. రూలు మూడు కొటేషన్లు కావాలంటుంది కాబట్టి, ఆ ఒక్కడే ఇంకో ఇద్దరి పేర్ల మీద కూడా ధర కాస్త ఎక్కువేసి కాగితాలు పట్టుకొస్తాడు. వీటిని తోడు పెళ్లికొడుకులు అంటారు. పెళ్లిలో అసలు పెళ్లికొడుకు పక్కన ఒక పిల్లవాణ్ణి ముస్తాబు చేసి కూర్చోబెడతారే, అలా అన్నమాట. కొత్త బట్టలు కడతారు, బొట్టు పెడతారు, ఫోటోలో పడనిస్తారు. పిల్లనైతే ఇవ్వరు.

బోరబండలో ఆ వేషానికి పెట్టింది పేరు నరేందర్. ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం అతనిది. నాయకుల పుట్టినరోజులు, బోనాల శుభాకాంక్షలు, పిల్లల ఓణీ ఫంక్షన్లు అన్నీ అతని మిషను మీంచే వీధుల్లోకి వస్తాయి. తన పేరు మీద ఒకటి, బావమరిది పేరు మీద ఒకటి కొటేషన్ కొట్టించి ఇచ్చాడు. కాగితం మీద బంగారు అంచు, మూలన గుండ్రటి ముద్ర, కింద ఆఫీసుల మనుషులు చేతులు కలుపుతున్న బొమ్మ.

"గింత సోకెందుకే నరేందరూ? తోడు పెళ్లికొడుకువేనాయె," అన్నాడు స్వామి.

"నా దుకాణంలకెల్లి పోయే కాగితం అన్నా. ఇజ్జత్ ఉండాలె గద!"

రాజయ్య మాత్రం తన కొటేషన్‌ను గీతల కాగితం మీద బాల్‌పెన్నుతో రాసిచ్చాడు. అక్షరాల కంటే జిగురు మరకలు స్పష్టంగా ఉన్నాయి. ధర అందరికంటే తక్కువ. అంతకంటే ఇంకేం కావాలి అని స్వామి మూడింటినీ కంప్యూటరులో ఎక్కించి, రజితకు ఫోన్ చేసి దవాఖాన మాట కూడా చూచాయగా చెప్పేశాడు.

వారం తిరక్కుండా సాయిచంద్ పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

"మంచి వెండర్‌ని పట్టారు స్వామిగారూ. నరేందర్ ఎంటర్‌ప్రైజెస్!"

స్వామి వేళ్ల మీద ధరలు మళ్లీ లెక్కేసుకున్నాడు. "సార్, రాజయ్యది గద తక్కువ?"

"తక్కువ ధరకు కొనడమే అయితే అది పర్చేజ్ అండి. సిస్టమ్ అన్నిటికీ మార్కులు వేస్తుంది. ధరకు కొన్ని, రిజిస్ట్రేషన్‌కు కొన్ని, కాగితం పద్ధతికి కొన్ని, గ్యారంటీకి కొన్ని. ఈయన అయిదేళ్ల గ్యారంటీ ఇచ్చాడు. రాజయ్యగారు ఏ ప్రశ్నకీ జవాబు రాయలేదు. శనివారం నేను ఈ నరేందర్ వర్క్‌షాప్ చూడ్డానికి వస్తున్నాను. వెండర్‌ని కళ్లతో చూడాలి. అది కూడా ప్రొక్యూర్‌మెంటే."

పేరు మారినా పని మారదనుకున్న పెద్దమనిషి సామాన్ల లిఫ్టులో నీళ్ల డబ్బాల మధ్య నిలబడి కిందికి దిగాడు.

ఆ సాయంత్రం బోరబండలో రాజయ్య దుకాణం ముందు పంచాయితీ జరిగింది. నరేందర్ తప్పు చేసినవాడిలా కాకుండా పెళ్లి నిశ్చయమైనవాడిలా సిగ్గుపడుతున్నాడు.

"అయిదేండ్ల గ్యారంటీ అని ఎవడు రాయమన్నడుర నిన్ను?" అన్నాడు స్వామి.

"పాత ఫ్రిజ్ దుకాణపోళ్లకు కొట్టిన కాగితం అన్నా. పేరు మార్చిన, కింద గ్యారంటీ అట్లనే ఉండిపాయె."

రాజయ్య చేతిలోని పానా కింద పెట్టాడు. "ముప్పై ఏండ్ల సంది కుర్చీల కడుపుల చెయ్యి పెట్టి బతుకుతున్న. నన్ను కాదని గీ ఫ్లెక్సీగానికి ఇచ్చిండ్రా? వీడు కుర్చీ మీద నాయకుని బొమ్మ అంటిస్తడు, అంతే!"

"మామా, జర ఠండ పడు. పని నువ్వే చేస్తవ్. పేరే వీనిది. శనివారం ఒక్క గంట గడిస్తె చాలు. రజిత మోకాళ్ల సంగతి నీకు ఎరికే గద," అని స్వామి చేతులు పట్టుకున్నాడు.

రజిత పేరు వినేసరికి రాజయ్య మెత్తబడ్డాడు. రాజయ్యకు తీపి మాట రాదు గానీ మనసు ఉంది. శనివారానికి ఫ్లెక్సీ దుకాణం కుర్చీల కార్ఖానా అయింది. రాజయ్య పనిముట్లు, సగం విప్పిన కుర్చీలు అక్కడికి మోశారు. ఫ్లెక్సీ మిషను మీద దుప్పటి కప్పారు. అయినా గది కార్ఖానాలా లేదని నరేందర్‌కు అనిపించింది. అతనికి తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి అదే వాడాడు. వెనక గోడ నిండా పట్టేంత ఫ్లెక్సీ కొట్టాడు. తెల్లకోట్లు తొడుక్కున్న దొరలు, ఇనప చేతులు, కనుచూపు మేర వరసగా కుర్చీలు. అలవాటు చొప్పున కింద మూలన తన ఫోటో కూడా పెట్టుకున్నాడు, చేతులు జోడించి.

సాయిచంద్ వచ్చాడు. గది చూశాడు, దుప్పటి చూశాడు, గోడ చూశాడు. మధ్యలో పెట్టిన కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. చప్పుడు లేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. మళ్లీ వాలాడు.

"బాగుంది. ఇంత స్మూత్‌గా ఎవరు సెట్ చేశారు?"

నరేందర్ వెనక గోడకేసి చెయ్యి చూపించాడు. "ఆటోమేటిక్ మిషిన్ సార్. జర్మనీది."

స్వామి కళ్లతోనే రాజయ్యను బతిమాలాడు. రాజయ్య ఒక క్షణం ఓర్చుకున్నాడు. ఒక్క క్షణమే.

"జర్మనీది నీ తాత తెచ్చిండార?" అని ముందుకొచ్చాడు. "గా కుర్చీ తిప్పి చూడు సార్. గ్యాస్ కడ్డీ కాడ తోలు వాచర్ ఏసిన. మిషిను ఏస్తదా తోలు వాచర్? దొరలకు తెలుసా గది? నేనేసిన! రాత్రి పొద్దుపోయిందాక కూసొని నేనేసిన!"

సాయిచంద్ లేచి కుర్చీని తలకిందులు చేశాడు. స్వామి చేసినట్టే చేశాడు. కడ్డీ చుట్టూ తొడిగిన ఆ గుండ్రటి తోలు బిళ్లను వేలితో తడిమి చూశాడు. తర్వాత గోడ దగ్గరికి నడిచి, మూలన చేతులు జోడించిన నరేందర్‌ను దగ్గరగా చూశాడు.

"స్వామిగారూ, బయటికి రండి."

బయట రోడ్డు పక్కన నిలబడ్డాక సాయిచంద్ నోట ఆఫీసు తెలుగు ఊడిపోయింది.

"మా బాపు కరీంనగర్ల కాల్వల కాంట్రాక్టర్ అన్నా. మా ఇంట్ల తోడు పెండ్లికొడుకు మా చిన్నాయన. ఆయన బతుకుల పొరపాటున ఒక్కటే టెండర్ గెలిచిండు, గెలిచిన రాత్రే ఊరిడిసి పారిపోయిండు. గీ కథ నాకు చెప్తవా?"

స్వామి తల వంచుకున్నాడు. "తప్పైంది సార్. కని పని మాత్రం రాజయ్య మామ లెక్క ఎవ్వడు చెయ్యడు."

"నీకెట్ల తెలుసు?"

"ఏంది సార్?"

"ఎవ్వడు చెయ్యడని నీకెట్ల తెలుసు? మూడు కొటేషన్లు ఎందుకు అడుగుతరో తెలుసా? ఇంకో రెండు దుకాణాల గడప తొక్కుతవని. ఇన్నేండ్లల రాజయ్యది కాకుండా ఎవరి దుకాణమన్న ఎక్కినవా?"

ఎక్కలేదు. చీపురు కట్టను కూడా తలకిందులు చేసి చూసే మనిషి, కుర్చీ పని ఎవరు చేస్తారని మాత్రం ఎన్నడూ చూడలేదు. గ్యాస్ కడ్డీ దిగగానే స్కూటీ దానంతటదే బోరబండకు తిరిగేది. దాన్నే తన నైపుణ్యం అనుకున్నాడు.

"ఈ ఆర్డర్ క్యాన్సిల్ చేస్త," అన్నాడు సాయిచంద్. "టెక్నికల్ రీజన్స్ అని రాస్త. మా దగ్గర గా మాట రాస్తె ఎవ్వడు ఇంకోటి అడగడు. వారంల మూడు నిజం కొటేషన్లు తీస్కరా. తెస్తె నీలం ట్యాగు మీద సంతకం పెడత. తేకుంటె పసుపే."

ఆ వారం స్వామి మొదటిసారిగా చెవిని బోరబండ దాటించాడు. నల్లగండ్లలో ఒక చల్లని షోరూముకు వెళ్లాడు. అక్కడి కుర్చీ కూర్చోకముందే కిర్రుమంది. అయినా కాగితం మాత్రం తీసుకున్నాడు, నిజం కొటేషన్ కదా. మదీనాగూడలో హైవే పక్కన కారు సీట్లు కుట్టే సీతాబాయి దుకాణం కనపడింది. లోపలికి వెళ్లి, అలవాటు ప్రకారం అక్కడున్న కుర్చీని తలకిందులు చేశాడు.

"ఏందయ్యా, పెండ్లిచూపులా?" అంది ఆమె, నోట్లో దారం పట్టుకునే.

"జర చూస్తున్నక్కా."

"చూడు చూడు. కింద ఒక్కటి సూస్తె సాలదు, కుట్టు సూడు."

చూశాడు. మూల దగ్గర బట్ట ఎక్కడా ముడతపడలేదు. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కంటికి దొరకలేదు. కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మెత్త అతన్ని కిందికి లాగలేదు, పైకి తన్నలేదు. రాజయ్య మెత్తల మీద కూర్చుంటే ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగినట్టుండేది. ఇన్నేళ్లూ తన నడుమే వంకర అనుకున్నాడు.

"గ్యాస్ పని కూడ చేస్తవా అక్కా?"

"చేస్త గని, గొప్పగ చేస్త అని అబద్ధం చెప్ప. మంచి చెయ్యి దొరికితె వాళ్లతోనే చేయించి ఇస్త."

స్వామి మూడు కాగితాలూ ఎక్కించాడు. ఈసారి రాజయ్య పక్కన కూర్చుని ప్రతి ప్రశ్నకూ జవాబు తనే అడిగి రాశాడు, అయిదేళ్ల గ్యారంటీ ఒక్కటి తప్ప. రాజయ్య, "గ్యాస్ కడ్డీకి గ్యారంటీ దేవుడే ఇయ్యడు" అన్నాడు కాబట్టి. సిస్టమ్ మార్కులు వేసింది. సీతాబాయి గెలిచింది.

చెప్పడానికి స్వామి వెళ్లలేక వెళ్లాడు. సీతాబాయి కుట్టిన కుర్చీ ఒకటి స్కూటీ వెనక కట్టుకుని వెళ్లి రాజయ్య ముందు దించాడు. రాజయ్య కుర్చీ చుట్టూ తిరిగాడు. మూలలు నొక్కాడు. కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

"నాదానికంటె మంచిగున్నది," అన్నాడు చివరికి. ఆ మాట అనడం అతనికి తుప్పుపట్టిన మర విప్పినంత కష్టమైంది. వెంటనే కుర్చీని బోర్లించి మొహం చిట్లించాడు. "కని గీ వాచర్ జూడు! ప్లాస్టిక్! గింత మంచి కుట్టు కింద ప్లాస్టిక్ వాచర్ ఏస్తరార ఎవడన్న?"

"గ్యాస్ పనికి మంచి చెయ్యి ఉంటె చెప్పమన్నది మామా."

"నేను పోయి అడగ. ఆమెనే అడగమను."

మర్నాడు పొద్దున్నే తోలు ముక్కలు సంచిలో వేసుకుని, ఎవరూ అడక్కుండానే మదీనాగూడ ఆటో ఎక్కాడు.

క్లయింట్లు వచ్చే రోజుకు హాలులో కుర్చీలన్నీ వరసగా నిలబడ్డాయి. సాయిచంద్ తెర వెలిగించి, పెద్ద వృత్తం, చిన్న వృత్తం చూపించి, పర్చేజ్‌కూ ప్రొక్యూర్‌మెంట్‌కూ తేడా గంటసేపు చెప్పాడు. ఆ గంటసేపూ ఒక్క కుర్చీ కిర్రుమనలేదు, ఒక్క మనిషీ బల్ల కిందికి దిగలేదు. అందుకే ఉపన్యాసం చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడు ఉత్తమ మార్పు తెచ్చినవాడిగా సాయిచంద్‌కు ఒక గాజు బొమ్మ బహుమతిగా ఇచ్చారు. నరేందర్ తన జర్మనీ కార్ఖానా ఫ్లెక్సీని రాజయ్యకు దానం చేశాడు. ఇప్పుడది ఎండ కాయకుండా దుకాణం ముందు కట్టి ఉంది. దాని నీడలో రాజయ్య మరలు బిగిస్తుంటే, పైనుంచి నరేందర్ చేతులు జోడించి నవ్వుతుంటాడు.

సాయిచంద్ మాట తప్పలేదు. నెలాఖరున స్వామికి నీలం ట్యాగు వచ్చింది. వెంటనే దవాఖాన కార్డు కాగితాల మీద రజిత పేరు రాయించి, ట్యాగు మెడలో వేసుకుని, జీవితంలో మొదటిసారి ముందు గేటుకు నడిచాడు. మిషను ముందు చూపించడానికి ట్యాగును కాస్త లాగాడు. కొక్కెం పుటుక్కున విరిగింది. కార్డు జారి మెట్ల సందులోకి పోయింది.

స్వామి చేతిలో మిగిలిన కొక్కేన్ని తలకిందులు చేసి చూశాడు. ఇనుము రంగేసిన ప్లాస్టిక్.

"గివి ఎవరు కొన్నరు?" అని గేటు దగ్గర సెక్యూరిటీ రామన్నను అడిగాడు.

"మీ ప్రొక్యూర్‌మెంటోళ్లే అన్నా. సాయిచంద్ సారే మూడు కొటేషన్లు పిలిచి కొన్నరట," అన్నాడు రామన్న. స్వామి ఖాళీ మెడ చూసి, అలవాటు కొద్దీ వెనక వైపు చెయ్యి చూపించాడు. "సామాన్ల లిఫ్ట్ అటు."

స్వామి వాదించలేదు. కార్డు ఏరుకుని జేబులో వేసుకుని వెనక్కి నడిచాడు. కొక్కెం మాత్రం పారెయ్యలేదు. సాయంత్రం మదీనాగూడ పోయి సీతాబాయితో తోలు ముక్క కుట్టించుకోవాలి. అక్కడే రాజయ్య కూడా ఉంటాడు.

లిఫ్టులో నీళ్ల డబ్బాల పక్కన, కొత్తగా కొన్న ట్యాగులు ఒక డబ్బా నిండా ఉన్నాయి.